సున్నా కాడి గుట్ట

దోహాల రాత్రి రెండు దాటింది.
హీలియం డబ్బాకు గొట్టం తగిలిచ్చిన,
మెడ మీద మంచు పొంగింది
పేలాల తీరు తెల్లగ.
ఇక్కడి సముద్రం కింది గ్యాసుల కెల్లి తీసిందే ఇది,
మళ్ల ఇక్కడి గాలిలకే పోతది, పట్టి ఆపకపోతే.
బయట అర్ధరాత్రి కూడ ఉడుకు తగ్గలే.
లోపల, ఉక్కు కుండ అడుగున,
ఇంక చల్లబడే తావు లేని చోటుకు ఒక్క మెట్టు పైన
గోరంత ముక్క నిద్రపోతాంది.

ఇహ్సాన్ మేడంది సూడాన్, ఒమ్‌దుర్మాన్.
ఆ ముక్క పేరు ఆమె చెప్తే విన సొంపు,
నేను చెప్తే పళ్లు తగులుతయి.
"ఖరాబుందా?" అనడిగిన.
"మస్తు శుభ్రమైనదే.
ఆడాడ ఒక పరాయి అణువు, అంతే.
ఎలక్ట్రాన్‌ను ఆపేటంత కాదు,
మలిపేటంత."

అది నాకెరుకే.
సిరిసిల్లల పదకొండేండ్లు సాంచెల నడుమ నిలబడ్డోన్ని.
పోగు తెగితే సాంచె ఆగుతది, లోకమంత చూస్తది.
తెగని పోగుల చిన్న ముడి ఉంటది చూడు,
అది బట్ట పొడుగునా పోతది,
సేటు కంటికి ఆనదు,
అరచేత నిమిరినోనికే తెలుస్తది.

ఆమె కాయితం మీద చుక్కలు పెట్టింది.
ఒక చుక్కకు తాకి ఇంకో చుక్క మీదికి ఒరిగి
తాగినోని నడక లెక్క గీత గీసింది.
తిరిగి తిరిగి గీత బయలెల్లిన కాడికే వచ్చింది.
"ఇదే తొవ్వ ఎదురుంగ కూడ నడువొచ్చు గద?
ఇది అల. రెండు దిక్కుల ఒక్కపారే నడుస్తది.
ఇద్దరూ అడుగు తప్పకుంట
ఇంటి ముంగట కలుస్తరు.
అందుకే మర్లి వచ్చే పాలు రెండింతలు."

మర్లుడెక్కువైతే పోవుడు తక్కువ.
కరెంటు నడక రవ్వంత బరువెక్కుతది.

కొత్తల నేను
ఇండస్ట్రియల్ ఏరియాల క్యాంపు దేవులాడుకుంట,
ఒక్క తీరు గోడలు, ఒక్క తీరు నీళ్ల ట్యాంకులు,
కుడికి పోయి నేపాలోని కిరాణం కాడ తేలిన.
ఎడమకు పోయి నేపాలోని కిరాణం కాడనే తేలిన.
మూడోపారి ఆయన ఏమనలే,
స్టూలు జరిపిండు.
నన్ను ఏ గోడా ఆపలేదు.
ఆ సంగతి ఏడేండ్లకు, ఈ కాయితం మీద, తెలిసింది.

"అయస్కాంతం పెడితే?"
"జరంత చాలు. రెండు తొవ్వల జోడు చెడుతది.
మర్లుడు తగ్గుతది."
మరనే తిప్పింది.
తెర మీద సున్నా కాడ చిన్న గుట్ట,
రెండు పక్కల జారుడు.
మా దిక్కు గుట్టగుట్టకు పేరుంటది,
దీని మీద ఒక దేవుడు కూడ లేడు.

గుట్ట దాటినంక గీత వణికింది.
మిషను వణుకు అనుకున్న.
మళ్ల కొలిచింది. అవే వణుకులు, అక్కడక్కడనే.
"ఇది ఈ ముక్క వేలిముద్ర," అన్నది.
"ఏ అణువు యాడున్నదో దాన్ని బట్టే ఈ గీత.
ఇంకో ముక్కకు ఇట్ల రాదు."

నేను నా వేళ్లు చూసుకున్న.
నూలు ఒరిసి ఒరిసి గీతలు పోయినయి.
పతాకా దిక్కు మిషను నాలుగుపార్లు కాదన్నది,
ఆఫీసరు నా మొఖం చూసిండు, వేలు చూసిండు,
గ్లిజరిన్ రాసి పెట్టుమన్నడు.

"రేపు బయటికి తీసి, ఉడుకు తాకి, మళ్ల దింపితే?"
"ముక్క అదే. వేలిముద్ర మారుతది.
లోపల ఎవరో ఒకరు జరుగుతరు."
అని కుర్చీల్నే ఒరిగి నిద్రపోయింది,
చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు.

పంపు కొట్టుకుంటాంది.
హీలియం మట్టం రాసిన, టైము రాసిన.
గొట్టం మీది మంచుకు బొటనవేలు ఒత్తి
అంటుకోక ముందే తీసిన.
గుండ్రంగ, నున్నగ, గీతలు లేని మచ్చ.
మళ్ల మంచు పట్టేదాక
నాదే.